ఇతరములు

నాలుగు వందల పన్నెండు మంది.
మనిషికి ఇరవై ప్రశ్నలు, అన్నీ ఇంగ్లీషు గురించే.
ఒకటి అంటే అస్సలు ఒప్పుకోను,
ఐదు అంటే పూర్తిగా ఒప్పుకుంటాను.
మధ్యలో మూడు ఎందుకు పెట్టామో
గైడు గారికి కూడా తెలుసో లేదో.

కొత్తవాడలో మొదటి గడప దగ్గరే ఆగిపోయాను.
'సర్వేనా? మాకు భూమి లేదు బిడ్డా,
ఏం కొలుస్తవు?'
యెలుగం సాంబలక్ష్మి మగ్గం ఆపలేదు.
ఆ చప్పుడు మీదుగా గొంతు పెంచి చదివాను:
ఆంగ్లభాషా పరిజ్ఞానం సామాజిక హోదాకు సూచిక అని మీరు భావిస్తున్నారా?
జంపఖానా పోగు పంటితో తెంపి
ఆమె నా ముఖంలోకి చూసింది.
'ముందుగాల గది తెలుగుల చెప్పు.'

అది తెలుగే.
చెప్పడానికి నోరు రాలేదు.

ఏనుమాముల యార్డులో మిరపఘాటుకు తుమ్ముతూ రాసుకున్నాను.
హమాలీ సారంగపాణి బస్తా దించి, తువ్వాల దులిపి అన్నాడు:
'ఇంగిలీషు ఒచ్చినోడు నవ్వుకుంట ధర తగ్గిస్తడు.
రానోడు కొట్లాడి తగ్గిస్తడు.
తగ్గుడైతే తగ్గుడే.'
ఆయనకు రెండు వేశాను.
ఎందుకు రెండో ఇప్పటికీ తెలియదు.

ఎంజీఎం మెట్ల మీద
ఎక్స్‌రే కవరు ఒళ్లో పెట్టుకున్న ఒకామె, పేరు చెప్పలేదు:
'డాక్టర్లిద్దరు తెలుగుల మాట్లాడుకుంటుంటె
పాణం నిమ్మళమైతది.
ఇంగ్లీషుల సొచ్చిన్రంటే
రోగం పెద్దదన్నట్టే.'
మా పిల్లను ఏ బడిలో వేస్తావంటే
ఇంగ్లీషు మీడియమే అంది, క్షణం ఆలస్యం లేకుండా.
'గప్పుడు గాళ్లేమనుకుంటున్నరో దానికన్న తెలుస్తది గద.'

కాజీపేటలో రిటైరైన గార్డు ఇన్నయ్య
'ఇంగ్లీషు నాకు రాదు తల్లీ, రాసుకో' అన్నాడు.
రాసుకున్నాను.

గోవిందరావుపేట దాటి తండాకు వెళ్లిన రోజు వాన.
తొమ్మిదో తరగతి గుగులోతు ద్వాలి
కాగితం తడవకుండా తన పలక కింద పెట్టి చెప్పింది:
'మీ తెలుగు నేర్చుకునేసరికే మూడో తరగతి అయిపాయె మేడమ్.
నా మాటకు నవ్వేటోళ్లు.
ఇంగ్లీషు పీరియడ్ల మాత్రం
అందరం ఒక్క తీరు తప్పులు చేస్తం.'
ఆ మాటకు నా కాగితంలో గడి లేదు.
మార్జిన్‌లో రాశాను, సిరా కొంచెం పాకింది.

థీసిస్ ఇంగ్లీషులోనే రాశాను, ఇంకెందులో రాస్తాను?
నల్ల రెక్సిన్, బంగారు అక్షరాలు.
ఎనభై రెండు శాతం అనుకూలం.

జవాబులిచ్చిన వాళ్లకే చెప్పాలనిపించి
హన్మకొండ లైబ్రరీ హాలు ఒక ఆదివారం అడిగి తీసుకున్నాను.
అరవై కుర్చీలు వేయిస్తే పదిహేడు మంది వచ్చారు.
గోడ మీద నీలం స్తంభం, ఎర్ర స్తంభం,
చివర ఒక బూడిదరంగు గీత.
సాంబలక్ష్మి లేచి తెర దగ్గరిదాకా నడిచింది,
స్తంభాల నీడ ఆమె చీర మీద పడింది.
'ఇండ్ల నేనేడున్న?'
నీలంలో ఎక్కడో ఉన్నావన్నాను.
'నేనన్న మాట?'
బూడిద గీత చూపించాను. ఇతరములు, ఆరు శాతం.
'సన్నగున్నది' అని వెళ్లి కూర్చుంది.

ప్రొజెక్టర్ ఆపేశాను.
సంచిలోంచి పాత కాగితాలు తీసి
మార్జిన్లు చదవడం మొదలుపెట్టాను.
రెండో కాగితానికి నా నోట్లో పుస్తకం పోయి
మా పరకాల వచ్చింది.
సారంగపాణి మాటకు సారంగపాణే పడీపడీ నవ్వాడు.
ద్వాలి మాట దగ్గర ఎవరూ నవ్వలేదు,
వెనక వరుసలో ఒక తెలుగు టీచరు
కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు.

అప్పటిదాకా ఉలకని ఇన్నయ్య
వేళ్లు మడుస్తూ గొణుగుతున్నాడు:
సిగ్నల్, లైన్ క్లియర్, టోకెన్, బ్రేక్ వ్యాన్,
షంటింగ్, లూప్ లైన్, రైట్ టైం...
'గివన్ని ఇంగ్లీషేనా? నా డ్యూటీ మాటలనుకున్న గద!'
అరవై ఒకటి దగ్గర ఉండగా
వాచ్‌మన్ తాళం చెవులు గలగలలాడించాడు.

గేటు దగ్గర నా మోచెయ్యి పట్టి ఆపాడు.
'ఆ రాదు అన్నది కొట్టెయ్యి బిడ్డా.'

పెన్నయితే జేబులోనే ఉంది.
బైండింగే అయిపోయింది.